పచ్చిక కింద ఈదినవాడు

"డాక్టరమ్మా, మీ ఓటు ఎటని నేను అడగను. అడగడం మర్యాద కాదు. ఊరికే, ఆ పళ్ళెం ఖాళీ అయ్యేలోపు ఒక చిన్న సంగతి చెబుతా, వినండి చాలు," అంటూ కార్విన్ స్టాంపర్ తన మడత కుర్చీని రోవెనా పికెట్ ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు.

ఆవిడకి తప్పించుకునే దారి లేదు. ఒక పక్క నా ట్రక్కు, ఇంకో పక్క డెల్బర్ట్ హఫ్ పొయ్యి. చేతిలో ఏమో పంది మాంసం, బంగాళాదుంపల పళ్ళెం. శనివారం పొద్దు, బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే మా ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఇంకా బోలెడు టైముంది. స్టేడియం పక్క ఖాళీ జాగా అంతా ట్రక్కులు, పొగ, పాటలు. ఎవరి పొయ్యి దగ్గర వాళ్ళు బీరు సీసాలు పట్టుకుని కూర్చున్నారు.

రోవెనా పశువుల డాక్టరు. మా మోబర్న్ కాలేజీ పాలకమండలిలో సభ్యురాలు కూడా. సోమవారం మండలి కూర్చుని తేల్చాల్సింది ఒక్కటే: మైదానంలో పచ్చిక ఉంచడమా, పీకేసి ప్లాస్టిక్ గడ్డి పరిపించడమా. సగం మంది అటు, సగం మంది ఇటు. రోవెనా ఎటో ఆవిడకే తెలీదు. పోయినేడు ఇదే మైదానంలో ఏదో గుంటలో కాలు పడి వాళ్ళ మేనల్లుడు మడమ విరగ్గొట్టుకున్నాడు. ప్లాస్టిక్ అయితే గుంటలుండవు, వానొచ్చినా బురద ఉండదు, కోతా ఉండదు, నీళ్ళూ అక్కర్లేదు అని మండలిలో కుర్రకారు అంటున్నారు. అదీ నిజమే.

"నేను మన కంచరగాడిదలతో తిరిగిన రోజులు," అని మొదలెట్టాడు కార్విన్. మా టీము పేరే అది. ఆ పేరు చెప్పేటప్పుడు మాకెవరికీ సిగ్గుండదు. "ఆ ఏడు ఆల్డర్టన్ కాలేజీ వాళ్ళు మైదానమంతా ఈ ప్లాస్టిక్ తివాచీ వేయించుకున్నారు. సెప్టెంబరులో మనం వాళ్ళూరు వెళ్ళాం. ఎండా? ఎండ కాదది, పెనం. మన కోచ్‌కి అనుమానం వచ్చి, మైదానం మధ్యలో ఒక పంది ముక్క వేసి చూశాడు. టాస్‌కి ఎగరేసిన నాణెం కింద పడేలోపు ఒక పక్క వేగిపోయింది. తిరగేశాడు."

"ఉప్పు జల్లాడా?" అన్నాను.

"జల్లాడు. నువ్వు నోర్మూసుకో. ఆట మొదలైందా, మనవాళ్ళ బూట్ల అడుగులు కరిగి తివాచీకి అతుక్కుపోయాయి. ఒక్కొక్కడు బూట్లు అక్కడే వదిలేసి మేజోళ్ళతో పరిగెత్తాడు. ముందు వరసలో గ్రూబర్ అని ఒకడుండేవాడు, కొండలాంటి మనిషి, పొద్దున బస్సెక్కినప్పుడు ఆరడుగుల మూడంగుళాలు. సాయంత్రం బస్సెక్కేసరికి ఆరడుగులు. కింద నుంచి అరిగిపోయాడండీ! వాళ్ళమ్మ వాడి ప్యాంట్లన్నీ మడిచి కుట్టుకోవాల్సొచ్చింది."

రోవెనా నవ్వు ఆపుకుంది. "పాపం, మళ్ళీ ఎదగలేదా?"

"ఎందుకెదగడూ? మన పచ్చిక మీద నెల్లాళ్ళు పరిగెత్తాక ఎదిగాడు. అదే కదా నేను చెప్పొచ్చేది! సరే, ఓడిపోయాం. బస్సులో అందరూ ఏడుపు మొహాలు. నేను మాత్రం లేచి కోచ్ దగ్గరికి వెళ్ళా. నేను చేసింది చిన్న పనేనండీ, గొప్పలు చెప్పుకోను. చెవిలో ఒకే మాట చెప్పా. 'నవంబరులో వీళ్ళు మన ఊరొస్తారు. అప్పటిదాకా గడ్డి కోయించకు' అన్నా. అంతే. కోచ్ నన్ను కౌగలించుకున్నాడు."

"ఒక్కసారి చలి పడ్డాక గడ్డి పెరగదు కార్విన్," అంది రోవెనా. "పడుకుంటుంది."

"మామూలు గడ్డి పడుకుంటుందండీ. మనది పగబట్టిన గడ్డి. ఓడిపోయామని దానికీ రోషమే. అక్టోబరుకి మోకాలు దాటింది, నవంబరుకి నడుము దాటింది. దానికి తోడు వాన. వారమంతా కుండపోత. ఊళ్ళో బాతులు కూడా వరండాలు ఎక్కేశాయి. ఆ వానలో దిగారు ఆల్డర్టన్ వాళ్ళు, పెళ్ళికొచ్చినట్టు తెల్లటి బట్టలేసుకుని, నున్నటి బూట్లేసుకుని. తివాచీ మీద నడిచే బూట్లు! మన మైదానం వాటిని చూసి నాలుక చప్పరించిందంటే నమ్మండి, నా చెవులతో విన్నా."

పొయ్యి దగ్గర డెల్బర్ట్ ముక్కలు తిరగేస్తున్నాడు. వాడు ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. కార్విన్‌కీ వాడికీ కాలేజీ నాటి స్నేహం.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆల్డర్టన్ వాళ్ళలో అందరికంటే లావుపాటివాడు బంతి చంకలో పెట్టుకుని మూడంగలు వేశాడు. నాలుగో అంగకి నడుందాకా దిగబడ్డాడు. లాగితే రాడు. సరే పోనీ అని రిఫరీ వాడికే జెండా కట్టి, మైదానం గీతకి గుర్తుగా వాడుకున్నాడు. బంతి కింద పడిందా, గడ్డిలో మాయం. రిఫరీ గొడుగు కర్రతో గడ్డి పాయలు తీసుకుంటూ వెతికేవాడు. ఒకసారలా వెతుకుతుంటే కౌజుపిట్టల గుంపు భర్రుమని లేచింది. వాళ్ళ బంతి విసిరేవాడు ఆ కంగారులో చేతికందిన కౌజుని బంతనుకుని విసిరేశాడు! అది రెక్కలు కొట్టుకుంటూ గోల్ గీత దాటి, స్టేడియం దాటి, చర్చి మీదుగా పోయింది. వాళ్ళ కోచ్ గీత దాటింది కనక టచ్‌డౌన్ పాయింట్లు ఇమ్మంటాడు, మనవాడు ఇవ్వొద్దంటాడు. రిఫరీ నన్ను పిలిచి అడిగాడు."

"నిన్నెందుకు?" అన్నాను.

"దగ్గర్లో తెలివైనవాణ్ణి నేనే కనక. 'అయ్యా, పిట్ట వెనక్కొచ్చి గీత లోపల వాలితే ఇవ్వండి, లేకపోతే లేదు' అన్నా. ఆ పిట్ట ఇప్పటిదాకా రాలేదు. న్యాయం అంటే న్యాయమే."

రోవెనా పళ్ళెం పక్కన పెట్టేసింది. నవ్వుకి భుజాలు ఊగుతున్నాయి. అది చూసి కార్విన్ కుర్చీ అంచుకి జరిగాడు. మనిషి మొహం వెలిగిపోతోంది.

"ఇప్పుడు అసలు సంగతి. ఆట చివరికొచ్చింది, సున్నా-సున్నా. బంతి నా చేతికొచ్చింది. వాళ్ళు పదకొండుగురూ ఒక్కసారి నా మీద పడ్డారు. పదకొండుగురు, దున్నపోతులు! ఎవడైనా ఏమవుతాడు? చస్తాడు. నేను దిగబడ్డాను. మోకాళ్ళు, నడుము, మెడ, నెత్తి. పైన పచ్చిక మూసుకుపోయింది. జనం టోపీలు తీసేశారు. పాస్టర్ లేచి నిలబడ్డాడు. ఇక్కడ కింద నేనేం చేశాను? ఈత కొట్టాను! బంతి ఎడం చంకలో, కుడి చేత్తో బారలు. గడ్డి వేళ్ళు మెత్తగా జుట్టు నిమురుతుంటే, వానపాములు పక్కకి తప్పుకుని దారిస్తుంటే, గోల్ గీత ఎటుందో అడుక్కుంటూ పోయా."

"ఎవర్ని అడిగావ్?"

"ఒక పందికొక్కుని. మంచివాడు, ఈ ఊరివాడే."

"ఊపిరో?" అంది రోవెనా. "డాక్టరుగా అడుగుతున్నా."

"అదిగో, అదీ ప్రశ్న! ఒక గడ్డి పరక. లోపల బోలుగా ఉంటుంది చూడండి, దాని కింది కొస నోట్లో పెట్టుకుని, పై కొసలోంచి గాలి పీల్చుకుంటూ ఈదా. ప్లాస్టిక్ పరక బోలుగా ఉంటుందా? ఉండదు! తివాచీ అయితే నేనీపాటికి సమాధిలో ఉండేవాణ్ణి. అలా ఈది ఈది, అవతల గీత దాటాక తల పైకెత్తా. నెత్తి మీద పచ్చిక కిరీటం, చేతిలో బంతి. టచ్‌డౌన్ అని రిఫరీ రెండు చేతులూ పైకెత్తాడు. ఆల్డర్టన్ వాళ్ళకి మట్టి కరిపించాం! మట్టి కరిపించడమని ఊరికే అన్నారా పెద్దలు? కరిపించాలంటే ముందు మట్టి ఉండాలి కదండీ! రేపు రబ్బరు కరిపిస్తామా?"

చుట్టుపక్కల ట్రక్కుల వాళ్ళు కూడా చేరి చప్పట్లు కొట్టారు. కార్విన్ టోపీ తీసి వంగాడు. అప్పుడు డెల్బర్ట్, చేతిలో పట్టకారు పట్టుకునే, వెనక్కి తిరిగాడు.

"కార్విన్, ఆ మ్యాచ్ మూడు-సున్నా. వాళ్ళే గెలిచారు."

"నీకు గుర్తులేదురా, నువ్వు..."

"నాకే గుర్తుంటుంది. చూసింది నేను కదా. నీకెలా కనిపిస్తుంది? నువ్వు నా వెనక ఉన్నావు."

"వెనకంటే?" అంది రోవెనా.

డెల్బర్ట్ నావైపు ఒకసారి, ఆవిడవైపు ఒకసారి చూశాడు. చెప్పాలా వద్దా అన్నట్టు. కానీ అప్పటికే నోరు జారింది. "టీములో లేమండీ మేం. మైదానం పక్కన గంతులేసే కంచరగాడిద వేషం ఉంటుంది చూడండి, ఇద్దరు మనుషులు దూరేది. తలా ముందు కాళ్ళూ నేను. వెనక కాళ్ళు వీడు. నాలుగేళ్ళూ వీడి నుదురు నా నడుముకి ఆనుకునే ఉంది. ఎక్కడ ఈల వేసినా 'పాయింటు ఎవరిది? మనదేనా?' అని లోపల్నించి ఒకటే గోల. స్కోరు కూడా నేను చెబితేనే తెలిసేది వీడికి."

జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. అబద్ధమెందుకు, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాను. కార్విన్ చేతిలోని టోపీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. డెల్బర్ట్ పట్టకారు దించేసి, "ఒరేయ్, నేనేదో..." అని సణిగాడు.

రోవెనా నవ్వడం ఆపేసింది. "అయితే నీకు ఏం కనిపించేది?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

"ఏం కనిపిస్తుందండీ? నేల." కార్విన్ గొంతు తగ్గింది. "వంగి ఉంటాం కదా. పొట్ట దగ్గర బట్ట చీలిక ఉండేది, అందులోంచి జానెడు నేల. వీడు ఎటు నడిస్తే అటు నా జానెడు నేల కదిలేది. నాలుగేళ్ళూ అదే చూశా."

"ఎలా ఉండేది?"

"ఆ వాన రోజున... గడ్డి చీలమండ దాకా కూడా లేదులెండి. బూట్ల మేకులకి పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయేది. వేళ్ళు పైకి, ఆకులు కిందికి. నాకు ఊరికే చూస్తూ నడవబుద్ధి కాలేదు. కాలితో ఒక్కొక్క పెళ్ళనీ తిరగేసి తొక్కేవాణ్ణి, మళ్ళీ అతుక్కుంటుందేమోనని. డెల్బర్ట్ తిట్టేవాడు, గాడిద కుంటుతోందని జనం నవ్వుతున్నారురా అని."

"నవ్వారు," అన్నాడు డెల్బర్ట్ మెల్లగా. "ఎందుకు కుంటేవాడివో నువ్వెప్పుడూ చెప్పలేదు."

"ఒకసారి జారి బోర్లా పడ్డా, నోరంతా బురద. చల్లగా, దోసకాయ కోసినట్టు వాసన. దెబ్బే తగల్లేదు. ఆల్డర్టన్‌లో కూడా పడ్డానండీ, ఆ తివాచీ మీద. అది మాత్రం కోతలు కొయ్యడం కాదు. రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయి ప్యాంటు అంటుకుపోయింది. టైర్ల కొట్టు వాసన. మళ్ళీ వసంతంలో ఇక్కడికొచ్చి, నేను తొక్కిన పెళ్ళలు ఎక్కడున్నాయా అని వెతికా. ఒక్కటీ దొరకలేదు. మైదానమంతా ఒకటే పచ్చన. ఎవడూ కుట్లు వేయకుండా, అతుకులు పెట్టకుండా, దానంతటదే."

పొయ్యి మీద ముక్క మాడుతున్న వాసనొచ్చి డెల్బర్ట్ అటు తిరిగాడు.

"ఇంతసేపూ కౌజుపిట్టలు, పందికొక్కులు చెప్పావు," అంది రోవెనా. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"ఇందులో చెప్పడానికేముందండీ? వెనక కాళ్ళ మాట ఎవరు వింటారు?"

రోవెనా లేచి, చేతులు తుడుచుకుంది. "మా మేనల్లుడి కాలు విరగ్గొట్టిన గుంటలు పూడ్చే మనిషిని పెట్టిస్తానంటేనే పచ్చికకి నా ఓటు. మండలిలో ఆ మాటే చెబుతా," అంది. పెట్టించింది కూడా. సోమవారం ఒక్క ఓటు తేడాతో పచ్చిక నిలిచింది. అక్కడ ఇంకెవరేం చెప్పారో నాకు తెలీదు.

ఇక కార్విన్ బాగుపడ్డాడా అంటే, తర్వాతి శనివారం నేను ట్రక్కు దిగేసరికే నాలుగు బళ్ళ అవతల జనం మూగి ఉన్నారు. మధ్యలో కార్విన్. పొరుగూరి నుంచొచ్చిన ఆడమనిషి ఎవరో నోరు తెరుచుకుని వింటోంది.

"...నిజం చెప్పాలంటే నేను ఆటగాణ్ణి కాదమ్మా. గొప్పలు చెప్పుకోను. నేను కంచరగాడిదని. ఊరికే గెంతడమే నా పని. కానీ ఆ రోజు పదకొండుగురూ నా మీద పడ్డప్పుడు చూడాలి, నాలుగు కాళ్ళతో నాలుగు వైపులకీ తన్నాను! నాలుగూ నావే!"

పక్కనే బొగ్గుల సంచీ మోసుకొస్తున్న డెల్బర్ట్ ఆగిపోయాడు. "ఒరేయ్, నాలుగు కాళ్ళూ నువ్వయితే మరి నేనెవర్నిరా?"

కార్విన్ వాణ్ణి ఎగాదిగా చూశాడు. "నాలుగేళ్ళు నన్ను వదలకుండా తిరిగింది ఎవర్రా? నువ్వు తోకవి."