చివరి పదహారు పేజీలు

ఖరగ్‌పూర్, రైల్వే క్వార్టరు. 1988లో ఒక ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. కంట్రోల్ ఆఫీసులో పనిచేసే సోమేశ్వరరావు, ఆయన భార్య బాలాంబ.

"చదవను. ఒకసారి చెప్పినాను గదా. చదవనంటే చదవను."

"గట్టిగా అరవకే. పక్క క్వార్టర్లో దత్తా దాదా వింటాడు."

"ఆయనకి తెలుగు రాదు."

"వినడం వచ్చే ఉంటాది, ఇన్నేళ్ళ కాపరం. బాలా, అరగంటలో ఫోను వచ్చేస్తాది. ఎక్స్‌ఛేంజిలో జ్ఞానరత్నం డ్యూటీ ఎక్కగానే తలో ఊళ్ళో ఉన్న మా ముగ్గురికీ లైను కలుపుతానంది. మా గోష్ఠిలో తర్వాత చదివే పుస్తకమేదో ఇవాళ తేల్చాలి. నువ్వు చదవనంటే నేను దేనికని సరేనంటాను?"

"మీకిష్టమొచ్చినదానికి అనండి. చదువుకోండి కూడాను. యాభయ్యారు అక్షరాలు, ఏమంత భారం కాదు."

"యాభయ్యో ఏట పలక పట్టమంటావేటి? ఈ ఊళ్ళో పుట్టినాను, బెంగాలీ బళ్ళో చదివినాను, ఇంగ్లీషులో ఉద్యోగం చేస్తన్నాను. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. సుత్తి పట్టడం నేర్పినాడు గానీ సున్నా చుట్టడం నేర్పలేదు."

"ఈ మాటే వాళ్ళకి చెప్పండి."

"ఎవరికి?"

"సొలొమోను గారికి, అచ్యుతరావు గారికి. 'అయ్యా, నాకు తెలుగు చదవడం రాదు. ఆరేళ్ళుగా మా ఆవిడ బఠాణీలు ఒలుచుకుంటా చదివి వినిపిస్తే, అదే మీకు ఫోన్లో అప్పజెప్తన్నాను' అని."

"నీకు మతి గాని పోయిందా! నేను అధ్యక్షుణ్ణి!"

"ముగ్గురు మనుషులు. మీరు అధ్యక్షులు, సొలొమోను గారు కార్యదర్శి, అచ్యుతరావు గారు సలహాదారు. ఉత్త మెంబరన్నవాడు ఒక్కడు లేడు. ఆ ఖాళీ నాకిమ్మంటన్నాను. అంతే."

"లేడీస్ వద్దని అచ్యుతరావు రూలు పెట్టినాడే. నేనేటి చెయ్యను?"

"అప్పుడు మీరు చెయ్యెత్తినారా, లేదా?"

"ఫోన్లో చెయ్యెత్తితే ఎవడికి కనబడతాది?"

"అంటే ఎత్తలేదా?"

"సరేనన్నాను."

"అదీ."

"అది కాదే. ఇప్పుడు హఠాత్తుగా నిన్ను చేర్చుకుందామంటే, ఎందుకూ అంటారు. ఎందుకంటే ఏటి చెప్పను?"

"చదువుతాది అని చెప్పండి."

"అచ్చంగా అదే చెప్పకూడదు! ఆవిడ చదువుతాదంటే ఈయన చదవడా అని కూపీ లాగుతాడు అచ్యుతరావు. వాడు చిన్న స్టేషను మాస్టరే గానీ బుర్ర సీబీఐ. ఇలగ చూడు, రేపు గోల్‌బజార్ వెళ్దాం. మంచి తాంతు చీర కొనిస్తాను. ఎర్రంచుది."

"ఫోన్లో మాట్లాడతానంటే చీర కొంటానంటారేటి? చీర వాళ్ళకి వినబడతాదా?"

"మరేటి కావాలే నీకు?"

"మొన్నటి నెల మీరు ఏటన్నారు? 'ఈ రచయితకి వంటిల్లు తెలుసు గానీ పొయ్యి తెలీదు' అన్నారు. అచ్యుతరావు గారు శెభాష్ అన్నారు. సొలొమోను గారు గోష్ఠి మినిట్స్ పుస్తకంలో రాసుకుంటానన్నారు. ఆ మాట ఎవరిది?"

"నీదే. కాదన్నానా?"

"నేను తలుపు చాటున నిలబడి విన్నాను. నా మాట మీ నోట్లోంచి వెళ్ళింది, మెప్పు మీ చెవిలోకి వచ్చింది. నా చేతిలో బఠాణీ తొక్కలు మిగిలినాయి. మీరు ఫోను పెట్టేసి 'టీ ఇయ్యి' అన్నారు."

"టీ అడగడం కూడా తప్పేనేటి!"

"టీ తప్పు కాదు. అలవాటైపోవడం తప్పు."

"అబ్బ! ఈ మాట బాగుంది. ఇదెక్కడిది?"

"ఇదిగో, ఇదే! ఇది కూడా పట్టుకుపోదామనే!"

"సరే, సరే. ఒట్టు, ఈ మాట వాడను. బాలా, మొన్నటి నవల ఎంత బాగా నడిపించినావు! ఆ ఆఖరి సీను... పెద్దకోడలు తాళాలగుత్తి నూతిలో పడేసి రైలెక్కి వెళ్ళిపోవడం... నేను చెప్తంటే సొలొమోను ఫోన్లోనే ముక్కు చీదినాడే. నేను చదివినప్పుడు కూడా ఏడిసినాను సార్ అన్నాడు."

"అన్నారు. విన్నాను."

"అచ్యుతరావు అయితే కొట్లాటకొచ్చినాడు. తాళాలు నూతిలో పడేయడం బాధ్యత లేని పని, మరిదికి అప్పజెప్పి వెళ్ళాల్సింది, చదువుతున్నప్పుడే నాకు ఒళ్ళు మండింది అన్నాడు. గంటంపావు వాదించినాం. అలాంటి గోష్ఠిని నువ్వు చేజేతులా పాడుచేస్తావా?"

"ఆ పుస్తకం గురువారం తిరిగొచ్చింది."

"తెలుసు. అచ్యుతరావు గార్డు చేత పంపించినాడు. బీరువాలో పెట్టినావు గదా?"

"పెట్టలేదు. ఇదిగో. చివర తియ్యండి."

"నాకెందుకు తియ్యడం?"

"అక్షరాలు చూడొద్దు. కాయితాలు చూడండి."

"ఏటిది... విడివడవేటి? అతుక్కుపోయినాయా?"

"అతుక్కోలేదు. ప్రెస్సువాళ్ళు కొయ్యలేదు. పెద్ద కాయితం మడతపెట్టి కుట్టి, అంచు కత్తిరించడం మర్చిపోయినారు. చివరి పదహారు పేజీలు మడతలోనే ఉండిపోయినాయి. కత్తి పెట్టి కోస్తే గానీ ఒక్క ముక్క కనబడదు."

"కోసి చదివినావు గదా మరి?"

"కోసి ఉంటే ఇలగుంటాదేటండి? అచ్యుతరావు గారు గోష్ఠి కోసం విజయనగరం నుంచి పార్సెల్లో తెప్పించిన కొత్త పుస్తకం. వంకరగా చిరిగితే మాటొస్తాదని ఒగ్గేసినాను."

"ఒగ్గేసి?"

"మీరేమో కళ్ళు మూసుకుని 'తర్వాత, తర్వాత' అంటన్నారు. పెద్దకోడల్ని అలగ నూతిగట్టు మీద కూచోబెట్టి ఎలా ఆపేయను? నాకు తోచింది చెప్పేసినాను."

"తాళాలు?"

"నేనే పడేయించినాను."

"రైలు?"

"అది కూడా నాదే. ఆ పుస్తకంలో ఎక్కడా రైలు లేదు. ఖరగ్‌పూర్లో కూచుని చెప్తన్నాను గదా, నోటికి రైలే వచ్చింది."

"ఓసి నీ... ఉండు. ఉండు ఒక్క నిమిషం. పుస్తకం మన దగ్గర్నుంచి ఎక్కడికెళ్ళింది?"

"సొలొమోను గారి దగ్గరికి. పది రోజులుంది."

"అక్కడ్నుంచి?"

"అచ్యుతరావు గారి దగ్గరికి. ఆయన దగ్గరా పది రోజులుంది. మళ్ళీ మనింటికి. ఎలగెళ్ళిందో అలగే వచ్చింది."

"మరి సొలొమోను ఏడిసినాడే!"

"ఏడిసినారు."

"అచ్యుతరావుకి ఒళ్ళు మండిందే!"

"పాపం, గంటంపావు మండింది."

"దొంగలు! ఇద్దరూ దొంగలే! నేను మొదట మాట్లాడితే, దాన్ని పట్టుకుని... ఛీ ఛీ. చదవకుండా చదివినానని చెప్తారా మనుషులు?"

"ఆఁ, ఎక్కడైనా ఉంటారా అలాంటోళ్ళు."

"నాది వేరే. నేను చదవలేను గనక చదవలేదు. వాళ్ళు చదవగలిగి చదవలేదు. అది మోసం."

"టీ పెట్టమంటారా?"

"వద్దు! ఇవాళ వాళ్ళ సంగతి తేల్చేస్తాను. అడిగేస్తాను ఫోన్లో. ఆ పదహారు పేజీల్లో ఏటుందయ్యా అని!"

"'మరి మీరెలా చదివినారు?' అంటే?"

"అవును."

"అందుకని అడక్కండి. నేను చెప్పినట్టు చెయ్యండి. ఈ నెల పుస్తకం పేరు నేను చెప్తాను."

"ఏ పుస్తకం? ఇంట్లో ఉందా?"

"ఎక్కడా లేదు. ఇదిగో, మూతికి గుడ్డ కట్టిన ఈ ఊరగాయ జాడీ చూసి చెప్తన్నాను. 'వాసెన కట్టిన జాడీ'. నవల. రాసినావిడ పేరు బాలాంబ."

"నీ పేరే! తెలిసిపోదేటే?"

"నా పేరు వాళ్ళకి తెలిస్తే గదా. ప్రతి దసరాకీ వచ్చి నా చేతి పులిహోర రెండేసి సార్లు వడ్డించుకుని తింటారు. నా పేరేటో ఎన్నడైనా అడిగినారా? ఒకరికి అమ్మగారిని, ఒకరికి చెల్లెమ్మని."

"ఒకవేళ 'అలాంటి పుస్తకం ఎప్పుడూ వినలేదు' అన్నారనుకో?"

"అంటే వాళ్ళు నిజాయితీపరులు. నేనిక మెంబరు మాట ఎత్తను. మీరు ఏ పుస్తకం తెచ్చినా నోరు మూసుకుని చదువుతాను. అంటే మీకు లాభమే గదా?"

"ఠీక్ హై. చదివినామంటే?"

"అప్పుడు నా సంగతి మీరు చూడాలి. అదిగో, మోగుతంది."

ఫోను తీశాడు. బాలాంబ తన చెవి కూడా రిసీవరుకి ఆనించింది.

"సార్, జ్ఞానరత్నాన్ని. ఇద్దరూ లైన్లో ఉన్నారు. మధ్యలో ఆఫీసరు కాల్ వస్తే కట్ చేసేస్తాను, ఏమనుకోవద్దు."

"అలాగేనమ్మా. హలో! సొలొమోనూ!"

"నమస్తే సార్! కార్యదర్శిని హాజరు సార్!"

"అంత కేకెందుకయ్యా, చెవి పోతంది. అచ్యుతరావుగారూ?"

"ఉన్నానండి. మొన్నటి నవల ముగింపు విషయంలో నా అభిప్రాయం మార్చుకోలేదని మొదటే మనవి చేస్తన్నాను. మళ్ళీ చదివినాను. తాళాలు పడేయడం తప్పే."

"మళ్ళీ చదివినారా!"

"రెండుసార్లు. చివరి అధ్యాయం మాత్రం మూడు."

"ఏమండీ, నవ్వకండి. అసలు సంగతికి రండి."

"ఎవరండి, ఏదో గొంతు వినబడింది?"

"లైన్లో ఏదో క్రాస్ టాక్ లెండి. అచ్యుతరావుగారూ, ఈ నెలకి నేనొక పుస్తకం అనుకున్నాను. 'వాసెన కట్టిన జాడీ'. బాలాంబ అని ఒకావిడ రాసినారు. మీకు తెలుసో తెలీదో..."

"తెలీకపోవడమేటి సార్! అమ్మో, ఆ పుస్తకమా! మా ఆవిడ అన్నమ్మ చదివి నాకిచ్చింది. ఇంట్లోనే ఎక్కడో ఉండాలి."

"సొలొమోనూ, నువ్విప్పుడు చదివినావు. నేను అది అచ్చయిన కొత్తలోనే చదివినాను. రెండో ముద్రణలో అట్ట పాడుచేసినారు గానీ, మొదటిది చూడాల్సిందే."

"అట్ట మీద ఏటుందండి?"

"జాడీ. ఏటండి సోమేశ్వరరావుగారూ, చిన్నపిల్లాడిలా అడుగుతారు?"

"ముగింపు అడగండి. ముగింపు."

"మళ్ళీ క్రాస్ టాక్. వినండి, ఆ ముగింపు మీకెలా అనిపించింది?"

"ముగింపు... ముగింపులోనే ఉంది సార్ దెబ్బంతా. ఆ జాడీ పగిలిపోయినప్పుడు నా గుండె ఆగిపోయింది."

"పగలదయ్యా! పగిలిందని మనం అనుకుంటాం. జాగ్రత్తగా చదివినవాడికి తెలుస్తాది. వాసెన ఊడతాది, జాడీ అలాగే ఉంటాది."

"పగులుతాది సార్. అన్నమ్మ ఏడిసింది కూడాను."

"ఏడిస్తే ఏడిసింది, పగల్లేదు! సోమేశ్వరరావుగారూ, మీరు అధ్యక్షులు, మీరు చెప్పండి. పగిలిందా?"

"నేను... ఇంకా ఆ ముక్కదాకా రాలేదు."

"చూసినారా! ఆ వాసెన విప్పినప్పుడు ఆవిడ చెయ్యి వణకడం ఉంది గదా, అది మగవాడు రాయలేడండి. ఇది రాసిన మనిషి మన గోష్ఠిలో ఉండాలి."

"ఉండాలి సార్! నేను బలపరుస్తున్నాను!"

"లేడీస్ వద్దని మీరే రూలు పెట్టినారు గదా, అచ్యుతరావుగారూ?"

"ఆ రూలు చదివేవాళ్ళకి. రాసేవాళ్ళకి కాదు. రాసుకో సొలొమోనూ, తీర్మానం. బాలాంబగారిని ఈ గోష్ఠిలో గౌరవ సభ్యురాలిగా..."

"గౌరవం వద్దు. ఉత్త మెంబరు చాలనండి."

"ఆవిడ ఉత్త మెంబరుగానే ఉంటానంటారు... అంటారేమోనని. పెద్దవాళ్ళకి నిగర్వం ఎక్కువ."

"సరే, ఉత్త మెంబరుగానే. ముగ్గురం సరేనా?"

"సరే సార్!"

"నేను కూడా సరే. ఈసారి గట్టిగా చెప్తన్నాను. సరే."

"ఏకగ్రీవం. ఇంతకీ ఆవిడది ఏ ఊరండి? హైదరాబాదా?"

"పుట్టింది పాలకొండ దగ్గర. ఇప్పుడు ఖరగ్‌పూరే."

"మీ ఊరావిడా! అంత పెద్దావిడ ఇంత దగ్గర్లో ఉండగా మనకి తెలీలేదా? ఎక్కడ, ఖరిదాలోనా? సుభాష్‌పల్లిలోనా?"

"అంత దూరం కాదు."

"మీకు పరిచయమేనా?"

"ఉందనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇదిగో, ఇక్కడే ఉన్నారు. మాట్లాడతారా?"

"అయ్యో, ఇవ్వండి, ఇవ్వండి! ఒరే సొలొమోనూ, సరిగ్గా మాట్లాడు."

"బాలా... నా సంగతి మాత్రం..."

"తెలుసు, ఇటివ్వండి. నమస్కారం అన్నయ్యగారూ, నమస్కారం సొలొమోను గారూ. నేనే బాలాంబని, మీకు పులిహోర పెట్టే మనిషిని. నన్ను మెంబరుగా చేర్చుకున్నందుకు సంతోషం. మీ ఇద్దరిలో ఎవరి దగ్గరున్నా సరే, ఆ పుస్తకం ఒకసారి బేగి పంపించండి. నేనింకా రాయలేదు, చూసి రాసుకుంటాను."