ఎదురొస్తాడులే

రాజలక్ష్మి వదినకు, పెద్దలకు, మధ్యాహ్నం పూట దుకాణాలు మూసి వచ్చిన వాషర్‌మెన్‌పేట్ వాళ్ళకు, రాయపురం నుంచి వచ్చిన మా నడక మిత్రులకు నమస్కారం. ఈ హాలులో మనం పెళ్ళి మాటలకు కలిశాం, సంఘం తగాదాలకు కలిశాం. ఆదిమూలం అన్న ఫోటోకు దండ వేయడానికి కలుస్తామని ఎవరనుకున్నారు? ఆయన పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు.

నా పేరు నాగలింగం. తిరుత్తణి పక్క పల్లెవాణ్ణి. ఇక్కడ పప్పుల మండీలో పని. నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. అన్నతో తొమ్మిదేళ్ళు నడిచాను కాబట్టి నన్ను నిలబెట్టారు.

మీలో చాలామందికి ఆయన నడక తెలుసు, నడిచిన చోటు తెలియదు. నగరానికి దక్షిణాన, రైలు దిగి బస్సెక్కి పోతే ఒక రిజర్వు అడవి ఉంది. పెద్ద చెట్లుండవు. బలుసు పొదలు, ఈత పొదలు, ఎర్ర మట్టి, నడుమ ఒక పాత క్వారీ గుంట. గేటు దగ్గర మొదలైన కాలిబాట ఆ క్వారీని చుట్టి మళ్ళీ గేటు దగ్గరికే వస్తుంది. ఐదు కిలోమీటర్లు. షుగరు వచ్చి డాక్టరు నడవమన్నప్పుడు అన్న ఆ చోటు వెతికి పట్టుకున్నాడు. మన వీధుల్లో చేతిబండ్ల మధ్య నడిచే దారెక్కడుంది? "అంత దూరం పోతావే, ఏముందన్నా ఆడ?" అని నేను ఎగతాళి చేశాను. "ఏమీ లేదప్పా. అందుకే పోతా" అన్నాడు. మరుసటి ఆదివారం నన్నూ లాక్కుపోయాడు. ఒకరి వెనుక ఒకరు చేరి పద్నాలుగు మందిమయ్యాం.

ఆయన ఎలాంటివాడో చెప్పాలంటే ఒక పిట్ట సంగతి చెప్పాలి. ఒక ఎండాకాలం తీతువు మా బాట మధ్యలో గుడ్లు పెట్టింది. గులకరాళ్ళలో కలిసిపోయి నాలుగు గుడ్లు. పిట్ట మా నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుపు. తీతువు అరిస్తే చావు కబురని మన ఇళ్ళలో అంటారు కదా? మాలో ఇద్దరు ఇంటికి పోదామన్నారు. అన్నకు కోపం వచ్చింది. "దాని పిల్లల దిగులు దానిది. మన చావుతో దానికేం పనిరా?" అన్నాడు. గుర్తు పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని గుర్తు పెట్టలేదు. తనే గుడ్ల పక్కన నిలబడ్డాడు. మాలో చివరి మనిషి దాటిందాకా కదల్లేదు. నాలుగు ఆదివారాలు అలాగే నిలబడ్డాడు. అప్పటినుంచి అందరికన్నా చివర నడవడం ఆయనకు అలవాటైపోయింది.

ఇంకొకటి. రాయపురంలో చేపలు అమ్మే సెలీనా మీకు తెలుసు, ఇక్కడే ఉంది. చేపల వేలం ముగించుకుని వచ్చేసరికి ఆమెకు ప్రతి ఆదివారం ఆలస్యం. ఆమె కోసం ఆగితే మాలో సణుగుడు. ఆగకపోతే ఆమె వెనక పరిగెత్తి ఆయాసపడేది. అన్న దానికొక దారి చూశాడు. "వెనక పరిగెత్తొద్దు సెలీనా. నువ్వు గేటు నుంచి ఎడమపక్కకు నడువు, మేం కుడిపక్కన వస్తాం. దారి గుండ్రం కదా, ఎదురొస్తాం." అప్పటినుంచి మాకు అదే పద్ధతి. ఎవరికోసమూ ఆగం. ఫోన్లు కూడా గేటు దగ్గర కాపలా ఉండే వాచర్ అమ్మాసి గదిలో పెట్టి పోతాం. ఎవరు కనబడకపోయినా, "ఎదురొస్తాడులే" అంటాం. అది మాకు ఊతపదమైంది. టీ ఆలస్యమైతే టీ ఎదురొస్తుందిలే అని నవ్వుకునేవాళ్ళం.

ఆ ఆదివారం ఆరున్నరకు మొదటి మలుపు దగ్గర అన్నను చూశాను. చెమట తుడుచుకుంటున్నాడు. మీరు పొండి అన్నట్టు చెయ్యి ఊపాడు. క్వారీ దగ్గర ఆగి చూస్తే లేడు. "పెద్దాయన ఏ పురుగునో చూస్తా నిల్చోనుంటాడు పా" అంది, ఆ రోజు మాతోపాటే బయల్దేరిన సెలీనా. గేటుకు తిరిగిపోయి ఎడమపక్కన వస్తున్నాడని ఇంకొకరన్నారు. నేను, "ఎదురొస్తాడులే" అన్నాను. అన్నది నేనే. అందరూ నవ్వారు. ఇడ్లీ పొట్లాలు విప్పి తిన్నాం. ఆయన వాటా తీసిపెట్టాం. ముందుకు నడిచాం. ప్రతి మలుపులోనూ ముందుకే చూశాం.

గేటు వచ్చింది. ఆయన ఎదురు రాలేదు. "ఈడికి రాలేదే సామీ" అన్నాడు అమ్మాసి. అప్పుడు పరిగెత్తాం. మొదటి మలుపు దాటి పది అడుగులు. రాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం మేం పోయిన పక్కకే ఉంది. టైము ఎనిమిది. ఊపిరి లేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

ఆస్పత్రికి మోసుకుపోయాం. ఎంతసేపైంది అని డాక్టరు అడిగాడు.

ఆ ఆస్పత్రి వరండాలోనే వదిన నన్నడిగింది. "మీలో ఒక్కరన్నా వెనక్కి తిరిగి చూళ్ళేదా నాగలింగం?"

"చూశాం వదినా. పోయి వెతికాం, కనబడలేదు" అన్నాను.

వదినా, అది అబద్ధం. మేం వెనక్కి పోయి చూడలేదు. మిగతావాళ్ళను ఏమీ అనొద్దు, వాళ్ళు నా మాట నమ్మి నడిచారు. ఆయన చివర నడుస్తాడని నాకు ఏళ్ళుగా తెలుసు. చివరివాణ్ణి ఎవరు చూసుకుంటారని ఒక్కసారైనా అడిగానా? అడగలేదు. ఎందుకడగలేదు? పదకొండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఇది నలుగురిలో చెప్పకుండా మీ గడప తొక్కలేను. చెప్పాక మీరు తొక్కనివ్వకపోతే, అదీ న్యాయమే.

నేను చెప్పాల్సింది ఇంతే. అందరూ లేవండి. కాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూర్చునే ఉండండి, అన్న ఏమీ అనుకోడు. ఆయన మనకోసం గంటన్నర అక్కడ ఒక్కడే కూర్చున్నాడు. మనం ఆయన కోసం రెండు నిమిషాలు నిలబడదాం.