కండువా కింద డ్రా

డుంబ్రిగుడ సంతలో మిరియాల షావుకారు, తన కూతురికి చదరంగం నేర్పే మేస్టారుని ఆపి నిలదీశాడు.

"ఎంపిక పోటీలో ఆఖరాటకి ముందు మా గుంటే అందరికన్నా పైనుంది. డ్రా అయినా రాష్ట్ర జట్టులో సీటు దానిదే. మరి సున్నా ఎలాగొచ్చింది మేస్టారూ?"

"ఆట మొదలవకముందే అవతలి పిల్ల నాన్నతో మీరు డ్రాకి బేరం కుదుర్చుకున్నారు. అందుకే ఇద్దరికీ సున్నా వేశారు."

"అందులో తప్పేటి? ఎవరో పాతకాలం అర్జెంటీనా గ్రాండ్‌మాస్టరు టోర్నమెంట్లలో సగం ఆటలు డ్రాలే సేసినాడని దానికి సెప్పింది మీరు కాదా?"

"ఆయన ముప్పై ఏళ్లు బల్ల ముందు చెమటోడ్చి తెచ్చుకున్న డ్రాలవి. మీలాగా, సంతలో ధర తేల్చినట్టు, కండువా కింద వేళ్లు పట్టుకుని కాదు షావుకారు గారూ."

"కండువా కింద బేరం మూడోవోడికి తెలీదు. ఆట తీర్పరి, ఆ అర్బిటర్ సెవిలో ఊదింది మీరే."

"నేను కాదు. మీ గుంటే వెళ్లి చెప్పింది."

"అబద్దం."

"'నేను గెలుస్తానని మా నాన్న నమ్మలేదండీ' అని కూడా చెప్పింది."

"సీటు పోగొట్టుకుని అది బాముకున్నదేటి?"

"ఇకమీద తన ఆట ఇంకెవరూ అమ్మలేరు. అదొక్కటే మిగిలింది."