ముప్పై ఏడో ప్రశ్న

"లైసెన్సుకే ఇంత బెదురుకుంటే ఎట్లమ్మా కళావతీ? నేను తీసుకోలేదా?" అన్నాడు నరసింహులు, ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి.

కువైట్‌లో ఫహాహీల్ బస్టాపు వెనక ఖాజా హుస్సేన్ చాయ్ కొట్టు. శుక్రవారం మధ్యాహ్నం రాయచోటి వైపువాళ్లు నలుగురు అక్కడ చేరతారు. నరసింహులు ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. పక్కన కూర్చున్న వెంకటరాముడు సాల్మియాలో హోటలు వంటవాడు. కళావతి ఫింటాస్‌లో ఇంటిపని చేస్తుంది. ఈ దేశంలో ఉండేందుకు కావాల్సిన ఇఖామా ఇంక పొడిగించనని ఇంటి యజమానురాలు మామా చెప్పేసింది. వచ్చే నెలతో ఖలాస్.

ఆమె ఒళ్లో ఇరవై పేజీల ఫారం ఉంది. ఎమిరేట్స్‌లో సముద్రం ఒడ్డున కొత్త కేసినో వస్తోందని, అక్కడ పేకముక్కలు పంచేవాళ్లకే కాదు, నేల తుడిచేవాళ్లకు కూడా సర్కారు లైసెన్సు ఉండాలని ఏజెంటు చెప్పాడు. ఫారం రేపు పొద్దునకల్లా ఇవ్వాలి. అన్నీ నింపింది, ముప్పై ఏడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఎప్పుడైనా, ఏ దేశంలోనైనా, సరైన కాగితాలు లేకుండా ఉన్నారా? ఉంది. 2018కి ముందు వీసా ఇచ్చిన ఒక కఫీల్ ఇంట్లో దెబ్బలు తాళలేక పారిపోయి, ఐదు నెలలు దాక్కుని, సర్కారు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, పాస్‌పోర్టు లేనివాళ్లకిచ్చే ఔట్‌పాస్ మీద ఇంటికి చేరింది. తర్వాత సరైన వీసా మీదే మళ్లీ వచ్చింది. ఉన్నానని రాస్తే ఈ పని పోతుందేమో. లేనని రాసి దొరికితే ఇంకెక్కడా పని పుట్టదేమో.

"నువ్వేం రాసినావన్నా?" అని అడిగింది.

"రాసేదేముండాది? ఒక పెన్ను, అర్ధగంట. ప్రతి ప్రశ్నకూ లేదు, లేదు, లేదు అని గీకి పారేసినా. కేసినోకొచ్చే దొరల కార్లు నిలిపే డ్రైవరుగా నాకు లైసెన్సు నెంబరు వచ్చేసె."

"అంత సులువా బావా?" అన్నాడు వెంకటరాముడు.

"సులువంటే సులువు గాదులేప్పా, మనిషిని బట్టి ఉంటాది. మొదట ఈడనే ఏలిముద్రల ఆఫీసుకు పంపుతారు గదా, ఆ మిషను ఉండాదే, అది మన బ్యాంకు మిషను లాంటిది గాదు, ఏలు పెడితే సాలు, పుట్టినకాడి నుంచి నువ్వు ఎవురి తలుపు తోసినావో, ఎవురి చెట్టు మామిడికాయ కోసినావో చదివేస్తాది. నా ముందర ఒక ఫిలిప్పీనామె పెట్టింది. పదేళ్ల కింద అంగట్లో లిప్‌స్టిక్ కొంగులో దాసిన సంగతి బయటపడె."

"ఫిలిప్పీనామెకు కొంగెక్కడిది?"

"బ్యాగులో అనుకోప్పా, నడమ నడమ అడ్డం రాకు. దాని ఎనక ఒక నేపాలీ. వానికి సెమటలు పట్టి ఏలు జారె, జారేసరికి మిషను ఇంకెవురి పాపమో చదివి వీని నెత్తిన రాసె. ఇద్దరు పోలీసులొచ్చి రెండు రెక్కలూ పట్టుకుని లోపలికి తీసుకుపాయిరి. మళ్లా బయటికి రాలే. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

కళావతి తన బొటనవేలు చూసుకుంది.

"నా వంతొచ్చె. పెట్టినా. మిషను గమ్మునుండిపాయ. కరెంటు పోయిందని ఇంకోటి తెచ్చిరి. అదీ గమ్మునే. అంత మచ్చలేని మనిషిని అవి ఎన్నడూ సూడల్యా, ఏం చెయ్యాల్నో తెలీక ఆగిపాయ. దాంతో ఆఫీసర్లకు అనుమానమొచ్చె. కోట్లేసుకున్న ముగ్గుర్ని ఫ్లైటెక్కించి మా రాయచోటికే పంపిరి. ఇల్లిల్లూ తిరిగి, నరసింహులు ఎట్లాంటోడని అడిగిరి. మా పక్కింటామెకూ నాకూ గోడ తగాదా, ఇరవై ఏండ్లాయ మాటల్లేవు. ఆమె గూడా ఏమనిందో తెలుసునా? సామీ, ఆ మనిషి ఉండబట్టే మా వీధిలో వానలు పడతాండాయి అనింది."

"నువ్వొచ్చి పన్నెండేళ్లు. అప్పట్నుంచి అక్కడ కరువే గదా," అన్నాడు వెంకటరాముడు.

"అదే గదప్పా నేను చెప్పేది. అంతటితో ఇడ్సిరా? మా తాత బతికున్నప్పుడు తిరునాళ్లలో మూడుముక్కలాట ఆడినాడని ఏదో పాత బుక్కులో దొరికెనంట. వంశంలో జూదగాడుంటే కేసినోలోకి రానియ్యరు. అది రూలు."

ఖాజా హుస్సేన్ చాయ్ వడపోస్తూ తలెత్తాడు. "జూదం ఆడించేవాళ్లకే జూదగాడు పనికిరాడా భాయ్?"

"కల్లంగట్లో కొలిచి పోసేదానికి తాగుబోతును పెట్టుకుంటారా?"

కళావతి మెల్లగా అడిగింది. "పాత సంగతులు దొరికితే ఏం చేస్తారన్నా?"

"అట్లడుగు. దానికే కుర్చీ ఉండేది. సముద్రం కింద పదంతస్తుల లోతుకు లిఫ్టులో దింపుతారు. అద్దాల గది. బయట షార్కులు, ఒక్కోటి స్కూలు బస్సంత. ఎదురుగా తొమ్మిది మంది ఆఫీసర్లు, నడమ కుర్చీ, నీ తలలో ఎన్ని ఎంటికలుంటే అన్ని వైర్లు తగిలిస్తారు. నిజం చెప్తే పచ్చ లైటు. అబద్ధం చెప్తే కుర్చీ కింద పలక తెరుచుకుంటాది, అంతే. నా ముందర పోయినోని చెప్పు ఒకటే పైకి తేలె."

"ఆడోళ్లను గూడా అట్లే కూర్చోబెడతారా?"

"ఆడా మగా ఏముండాదమ్మా, సర్కారు రూలు."

కళావతి చాయ్ కప్పు కింద పెట్టేసింది. నరసింహులుకు ఊపొచ్చింది.

"నన్ను కూర్చోబెట్టి, ముప్పై ఏడో ప్రశ్న తొమ్మిది మందీ ఒకేసారి అడిగిరి. నేను ఒకటే మాట అన్నా. 'లా.' లేదని. అంతే, సముద్రం ఆగిపాయ. లేచిన అల లేచినట్లే నిలబడె. షార్కులు తోకలు ముడ్సుకుని బారుగా కూసునె. పెద్దాఫీసరు వచ్చి నా చేతులు పట్టుకుని, నరసింహులు సాబ్, మీకు లైసెన్సు ఇచ్చేదానికి మేమెవరం, మా లైసెన్సుల మీదనే మీరు సంతకం పెట్టండి అనె. ఇప్పుడు ఆ ఆఫీసర్లందరి ఉద్యోగాలూ నా సంతకం మీదే నడుస్తాండాయి."

"అంత గొప్పోనివి ఇంకా ఈడ పిల్లోళ్లను బడికి దింపుతాండావే?"

"నేను పోయి రిబ్బను కత్తిరించేదాకా తలుపులు తెరవరంట. తీరిక దొరకాల గదా."

అందరూ నవ్వారు. కళావతి నవ్వలేదు. పెన్ను మూత తీసి ముప్పై ఏడో ప్రశ్న మీద పెట్టింది. "అయితే లేదనే రాసేదా అన్నా? ఏం కాదా?"

"రాయమ్మా. నేను చెప్తాండా గదా."

పెన్ను కాగితాన్ని తాకింది, కదలలేదు.

"ఏలిముద్రలు ఏ రోజు ఇచ్చినావన్నా?"

"పోయిన బేస్తవారం."

"వారంలోనే సముద్రం కిందికి పోయొచ్చినావా?" అన్నాడు వెంకటరాముడు.

"పనిమంతునికి వారం శానా."

"పోయిన బేస్తవారం నేనూ ఆడనే ఉండాను," అంది కళావతి. "ఆడోళ్ల వైపు, కిటికీ పక్కన. నువ్వు సూడలేదు. నీ ముందర ముగ్గురే ఉండారు. గోడ పట్టుకుని లేసినావు. బయటికి పోయినావు. వాళ్లు నీ పేరు మూడుసార్లు పిలిచిరి. ఎవురూ పలకల్యా."

ఖాజా హుస్సేన్ గిన్నె కింద స్టవ్ తగ్గించాడు. నరసింహులు చొక్కా గుండీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"మద్దేన్నం మళ్లీ పోయి ఇచ్చుంటావులే అనుకున్నా," అంది కళావతి. "అందుకే ఇంతసేపూ విన్నా. లేదని రాసి బయటపడినోడు ఒకడన్నా ఉండాడనుకున్నా. లేడు."

నరసింహులు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "నువ్వు పెట్టినప్పుడు... మిషను ఏమనె?"

"ఏమీ అనల్యా. ఏలు తడిగా ఉండాది, తుడుసుకోమనె ఆఫీసరు. అంతలో తెర మీద నా ఫోటో వచ్చె. ఔట్‌పాస్‌కు తీసినది. పెదివి పగిలి ఉండె అప్పుడు. ఆయప్ప ఆ ఫోటో సూసి, నన్ను సూసి, ఇంకో ఏలు పెట్టమనె. ఆ ఫోటో కేసినోవాళ్లకు పోతాదో పోదో ఎవురూ చెప్పల్యా."

"ఇప్పుడు ఉండాననే రాస్తావా? రాస్తే పని ఇయ్యరేమో," అన్నాడు వెంకటరాముడు.

"ఇయ్యరేమో."

ఆమె రాసింది. కింద ఖాళీలో ఏ సంవత్సరమో, ఎన్ని నెలలో, ఏ క్షమాభిక్షలో పోయిందో కూడా రాసింది. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాస్తూంటే పెన్ను రెండుసార్లు కాగితాన్ని గీరింది. ఫారం సంచిలో పెట్టుకుని లేచింది.

నరసింహులు తల ఎత్తకుండా అడిగాడు. "ఆ ఆఫీసు మళ్లా ఎప్పుడు తెరుస్తారు?"

"ఆదివారం. ఈసారి పేరు పిలిస్తే పలుకన్నా."