జనవరి దాకా ఆగినవాళ్ళు

హలో… ఆ, నేనేనండి, ఐరీన్‌ని. ఎవరూ?

… గ్వెన్ గారా. నంబరు కొత్తగా ఉంటే ఏదో అమ్ముకునేవాళ్ళేమో అనుకున్నా. చెప్పండి, ఆఫీసులో అంతా బాగున్నారా? మా షికాగో చలి మళ్ళీ మొదలెట్టింది…

… కూర్చునే ఉన్నానండీ. కూర్చున్నావా అని అడిగారంటే ఏదో ఉందన్నమాట.

… ఊఁ.

… ఊఁ, వింటున్నా—

ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. కిటికీ పక్కనే రైలు పోతోంది, ఒక్క ముక్క వినబడ్డం లేదు… ఆ, పోయింది. మేం జనవరిలో ఉద్యోగంలో చేరడం లేదు, అంతవరకూ విన్నా. తర్వాత?

… వచ్చే ఏడు సెప్టెంబరా?

… సెప్టెంబరు "అనుకుంటున్నారు". అంటే అదీ ఖాయం కాదు.

… అయ్యో, మీ మీద కోపం దేనికండీ. ఎవరో రాసిచ్చింది చదువుతున్నారని తెలుస్తూనే ఉంది. మీరు మామూలుగా ఇంత నెమ్మదిగా మాట్లాడరుగా.

… మాంద్యం సంగతి నాకు చెప్పాలా గ్వెన్ గారూ. మా ఆయన పనిచేసే ఇళ్ళన్నీ గోడల దగ్గరే ఆగిపోయాయి. వడ్రంగి పని పోయింది, దాంతోపాటే ఆరోగ్య ఇన్సూరెన్సూ పోయింది. నాకు కాలేజీ ఇచ్చిన ఇన్సూరెన్సు చదువుతోపాటే సరి.

… ఈ వాయిదా మా బ్యాచ్ అందరికీనా?

… మరెవరికి?

… ఆగుతామన్నవాళ్ళకే. అంటే మాతోపాటు ఎంపికైన ప్రెస్టన్‌కి లేదు.

… లేదులెండి, నవ్వడం లేదు. దగ్గొచ్చింది.

మీకు గుర్తుందా, మే నెలలో మీ లా ఫర్మ్ మాకందరికీ మెయిల్ పెట్టింది. సెప్టెంబరుకి బదులు జనవరిలో చేరడానికి ఎవరైనా ముందుకొస్తారా అని. అందరికంటే ముందు జవాబిచ్చింది నేనే… ఆ, మీరే అన్నారు, మెయిల్ వెళ్ళీ వెళ్ళకముందే నీ జవాబొచ్చిందని. కష్టకాలంలో ఫర్మ్ పక్కన నిలబడే మనిషిననిపించుకోవాలని నా తాపత్రయం. పెద్ద లాయరుగారు స్వయంగా ఫోన్ చేసి మెచ్చుకుంటే, ఆ రోజంతా నేల మీద లేను. ప్రెస్టన్ ఏమో కుదరదని మొహాన చెప్పేశాడు. వీడికిక రోజులు మూడాయని మేమంతా జాలిపడ్డాం. ఇప్పుడు వాడికి కుర్చీ ఉంది, బల్ల ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. మేం వెర్రివెధవలం.

… తెలుసండీ. చేరినవాణ్ణి తీసేస్తే పేపర్లో పడుతుంది. అసలు చేరనివాళ్ళని ఎన్నాళ్ళు ఆపినా ఫర్మ్ పేరు ఫర్మ్‌కే ఉంటుంది.

గ్వెన్ గారూ… నాకో సాయం చెయ్యాలి.

జీతం అక్కర్లేదు. సెప్టెంబరు కాకపోతే ఆ పై సెప్టెంబరు అనండి. ఆ ఇన్సూరెన్స్ ఒక్కటీ జనవరిలో మొదలుపెట్టించండి. రోజూ వచ్చి ఫైళ్ళు సర్దమన్నా సర్దుతా.

… ఎందుకంటే… ఎవరికీ చెప్పలేదండీ ఇది. మా ఆయన వేన్‌కి గుండె వాల్వు పాడయింది.

… లేదు, ముప్ఫై రెండేళ్ళే. పుట్టుకతో ఉన్న లోపమట. మేలో మాకు తెలీదు. ఆగస్టులో మెట్లెక్కుతూ పడిపోయాడు, అప్పుడు బయటపడింది. ఆపరేషన్ చేస్తే మామూలు మనిషవుతాడు. చెయ్యకపోతే ఏమవుతుందో డాక్టరు నోటితో అనలేదు. బరువులెత్తొద్దన్నాడు, నిచ్చెనెక్కొద్దన్నాడు, ఇంట్లో ఒంటరిగా వదలొద్దన్నాడు.

… చెబితే బరువనుకుంటారని భయపడ్డానండీ. చేరకముందే నా ఇంటి గోల మోసుకొచ్చానంటారని.

… విడిగా కొనుక్కోవాలని తిరగని కంపెనీ లేదు. గుండె అనగానే ఫోన్ పెట్టేస్తున్నారు. మీ ఫర్మ్‌లో అయితే అవేవీ అడగరు, చేరిన రోజు నుంచే ఇంట్లోవాళ్ళక్కూడా వస్తుంది. అందుకే ఆపరేషన్ జనవరి చివర్లో పెట్టుకున్నాం. ఇదిగో, వేన్ ఇప్పుడు వంటింట్లో ఆస్పత్రివాళ్ళతో అదే మాట్లాడుతున్నాడు, తేదీ ఖాయం చేసుకోవాలని.

… మీరు అడిగి చూస్తారా?

… ఇప్పటికే అడిగారా? ఎవరి కోసం?

… ఓ. మా బ్యాచ్ అమ్మాయికి నెలలు నిండుతున్నాయా.

… ఏమన్నారు?

… ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి. ఊఁ. అనే ఉంటారు.

… వేరే పని చూసుకోమని మీరంటున్నారా, కాగితంలో ఉందా? … మీరే. సంతోషం. చూశానండీ. ఎక్కడికెళ్ళినా, మీవాళ్ళు నిన్నెందుకు ఆపారు, నీలో ఏం లోపం కనిపించింది అని అడుగుతున్నారు. లోపం లేదని ఎలా రుజువు చెయ్యను?

— ఏంటి వేన్? … ఫోన్లో ఉన్నా. … ఇప్పుడే చెప్పాలటా? ఆస్పత్రి ఆవిడ లైన్లోనే ఉందా?

గ్వెన్ గారూ, విన్నారుగా. జనవరి తేదీ ఉంచమంటారా, ఇంకొకరికి ఇవ్వమంటారా అని అడుగుతున్నారట. ఉంచుకుంటే ఇన్సూరెన్స్ వివరాలు ఇప్పుడే ఇవ్వాలట. ఏం చెప్పమంటారు?

… జనవరిలో ఏ దారీ లేదనేనా?

… సరే.

— వేన్. వద్దని చెప్పు.

… వేళాకోళం కాదు. వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమను. … ఆ, ఆఫీసువాళ్ళే. … తర్వాత చెప్తా. ముందు నువ్వు కూర్చో. అలా గుమ్మం పట్టుకుని నిలబడకు, కూర్చో నాన్నా.

… ఆ, లైన్లోనే ఉన్నానండీ.

… మీరు ఏడవకండి. మీరూ ఏడిస్తే నాకు తిట్టుకోవడానిక్కూడా మనిషి మిగలదు.

… ఇంకో ప్రశ్న ఉందా. అడగండి, మీ ఉద్యోగం మీరు చెయ్యండి.

… మళ్ళీ చదవండి.

… "ఈ వాయిదాకి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను." అలాగే ఉందా, ఆ మాటే?

… ఒప్పుకోకపోతే?

… నా అంతట నేనే ఉద్యోగం వదులుకున్నట్టు. సెప్టెంబరు కూడా ఉండదు.

… లేదు, ఆలోచించుకోవడానికి టైమక్కర్లేదు.

— వస్తున్నా వేన్, ఒక్క నిమిషం.

… రాసుకోండి గ్వెన్ గారూ. ఐరీన్ డోబెక్. ఒప్పుకుంటున్నా.

… ఆ. ఇష్టపూర్వకంగానే.