చందమామలో మద్దిలేటి ఏసిన బోరు

ఆ పొద్దు మద్దిలేటికి ఉండేది ఒకటే పని. చౌడమ్మ చేన్లో బోరు ఏసే పని తనకు దక్కించుకోవాల. దానికి నాలుగు మాటలు చాలు. రేపు పొద్దున బండి వస్తాదక్కా, ఇన్ని అడుగులు ఏద్దాం, కేసింగు పైపు ఇంత దింపుదాం, అంతే. కానీ చేతిలో వేడి టీ గ్లాసు, ఎదురుగా వినేదానికి మనుషులు ఉన్నంక మద్దిలేటి నాలుగు మాటలతో నిలిపింది యాడికి మండలంలో ఎవురూ చూళ్లేదు.

చౌడమ్మది ఐదెకరాల చీనీ తోట. ఆరేండ్ల బత్తాయి చెట్లు, ఈ ఏడే మొదటి కాపు. ఉన్న బోరు ఉగాదికే ఎండిపోయింది. పదైదు దినాల నుంచి ట్యాంకర్లతో నీళ్లు తోలించి చెట్ల ప్రాణం నిలబెడతాండాది. టెంకాయ పట్టి నీళ్లు యాడుండాయో చూసే ఆయప్పను పిలిపించి, బోరు ఏసే తావుకు పాయింటు కూడా పెట్టించింది. ఈ ఒక్క బోరు పడకపోతే చెట్లు కొట్టి కట్టెలకు అమ్ముకోవాల్సిందే, ఇంకో బోరు ఏసే శక్తి ఆయమ్మకు లేదు. ఊర్లో బోరు ఏయించేటోళ్లు ఇద్దరు, మద్దిలేటి ఒకడు, గుత్తి రోడ్డులో ఉండే ప్రతాప్ ఒకడు. ఇద్దర్లో ఎవురికి చెప్పాలో తేల్చుకుందామనే చౌడమ్మ పొద్దున్నే బస్టాండుకాడ తిప్పేష్ టీ కొట్టుకు వచ్చి కూర్చునింది. ఆయమ్మ పక్కనే గొర్రెల పుల్లన్న, దినమూ మాదిరే, రెండో టీ తాగతా ఉండాడు.

మద్దిలేటి బండి స్టాండేసి వస్తానే చౌడమ్మకు నమస్కారం పెట్టి, తానేదో ఊరూరా తిరిగే మామూలు ఏజెంటును కాదనీ, గవర్నమెంటుకు పని చేసిన మనిషిననీ చెప్పుకున్నాడు. ఏ గవర్నమెంటు ఆఫీసుకప్పా అని పుల్లన్న అడిగినాడు. అంతరిక్షమోళ్లకు అన్నాడు మద్దిలేటి.

"రాకెట్లకు బోర్లెందుకప్పా?" అన్నాడు పుల్లన్న.

అదీ, ఆ ప్రశ్న కోసరమే మద్దిలేటి కాచుకోని ఉన్నట్లుంది. బెంచీ మీద సర్దుకోని కూర్చున్నాడు.

పోయిన ఎండాకాలం బెంగళూరు నుంచి జయంతి అని ఒక ఇంజనీరమ్మ, ఆయమ్మ జతకు ముగ్గురు వచ్చినారు. వాళ్లదొక చిన్న కంపెనీ. చందమామ మీద రాయికి బెజ్జం ఏసే మిషను చేస్తామని గవర్నమెంటు టెండరుకు కాగితాలు ఏసి, మొదటి దశ కాంట్రాక్టు తెచ్చుకున్నారు. చందమామ మీద రాయి గట్టిది, రాయిని తొలిచే బిట్టు కాలిపోకుండా పోసేదానికి నీళ్లు ఉండవు. అందుకని మిషన్ను పరీక్ష చేసేదానికి వాళ్లకు ఒట్టి రాయి కావాల, తడి తగలని రాయి. అట్లాంటి రాయి యాడుండాదని దేశమంతా వెతికి అనంతపురం జిల్లాకు వచ్చినారు. బస్టాండులో దిగి, నీళ్లు పడని తావు ఎవురికి బాగా తెలుసని అడుగుతే అందరూ మద్దిలేటిని చూపించినారు.

ఇంతవరకూ ఒక్క ముక్క అబద్ధం లేదు.

మొదటి దశ కాంట్రాక్టు అంటే ఏందో కూడా మద్దిలేటి విడమరిచి చెప్పినాడు. రోడ్డు కాంట్రాక్టు మాదిరి కాదది. అయితాదో కాదో ఎవురికీ తెలియని పనికి గవర్నమెంటే దుడ్లిచ్చి చేసి చూడప్పా అంటాది. అయితే సంతోషం. కాకపోతే ఎందుకు కాలేదో తెల్లకాగితం మీద రాసిస్తే చాలు, ఎవురూ తప్పు పట్టరు, మర్యాదగా టీ ఇచ్చి పంపిస్తారు.

"అట్లయితే మనం ఏటా ఏసే శెనక్కాయ కూడా మొదటి దశనే" అన్నాడు పుల్లన్న.

చౌడమ్మ నవ్వింది. పదైదు దినాల్లో ఆయమ్మ నవ్వడం అదే మొదలేమో. ఆ నవ్వు చూసి మద్దిలేటి పని సగం అయిపోయిందనుకున్నాడు. అక్కడే నిలిపింటే నిజంగానే అయిపోయేది.

కొండ కింద బండ మీద ఆ మిషను పెట్టి రెండు దినాలు తిప్పినారు. మనిషంత ఎత్తు లేదది. మద్దిలేటి జనరేటరు తెచ్చిచ్చినాడు, నీడకు టార్పాలు కట్టినాడు, రాయి యాడ పగులుతాదో, యాడ బిట్టు చిక్కుకుంటాదో చెయ్యి పెట్టి చూపించినాడు. రెండో దినం మధ్యాన్నం బెజ్జం మూరెడు దిగి, లోపల నుంచి సున్నం మాదిరి తెల్లటి దుమ్ము లేచింది. జయంతి మేడం చప్పట్లు కొట్టింది, మిగతా ముగ్గురూ కొట్టినారు. ఒకాయన మద్దిలేటిని కావలించుకున్నాడు.

పద్దెనిమిదేండ్లుగా బోరు బండి వెనకాల తిరిగే మద్దిలేటి, నీళ్లు పడక దుమ్ము లేచినప్పుడల్లా ఎవురో ఒకరు తల పట్టుకోని గట్టు మీద కూలబడేది చూసినాడు. శింగనమల పక్క ఒక ముసలాయన దోసిలి నిండా ఆ దుమ్మే ఎత్తి ఈయన మొహాన కొట్టినాడు. అట్లాంటి దుమ్ముకు చదువుకున్నోళ్లు చప్పట్లు కొడితే మద్దిలేటికి కండ్లలో నీళ్లు తిరిగినాయి, తలగుడ్డతో తుడుచుకున్నాడు. ఆ సంగతి మాత్రం ఎవురికీ చెప్పలేదు. ఆ గర్వం పది నెల్లుగా లోపల అట్లనే ఉండి, యాడ చోటు దొరికితే ఆడ ఉబుకుతా ఉండాది. ఈ పొద్దు టీ కొట్టుకాడ దొరికింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు.

ఎవురికీ తెలీదు. మద్దిలేటికి కూడా అప్పుడే తెలుస్తాండాది.

రెండో దశ టెండరుకు మద్దిలేటి నేరుగా బెంగళూరు రావాలని కబురొచ్చింది. పోయినాడు. ఎయిర్ కండిషను హాలు, టై కట్టుకున్న కంపెనీలోళ్లు నలభై మంది, ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దాఫీసర్లు. అనుభవం చెప్పండి అంటే కంపెనీలోళ్లు ఒకరి మీద ఒకరు పడి మేం ఏసిన బోర్లలో ఇన్ని నీళ్లు, అన్ని నీళ్లు అని చెప్పుకున్నారు. ఆఫీసరు వాళ్ల కాగితాలన్నీ పక్కన పెట్టేసినాడు. నీళ్లు పడే బోరు ఏసేదానికి చందమామ దాకా పోవాల్నా, మాకు ఒట్టి బోరు ఏసిన మొగోడు కావాల అన్నాడంట. అప్పుడు వెనక వరుసలో మద్దిలేటి లేచి నిలబడినాడు. ఒట్టిపోయినవి ఎన్నప్పా అంటే మూడొందల పన్నెండు అన్నాడు. టై కట్టుకున్నోళ్లంతా వెనక్కి తిరిగి చూసినారు.

నిజానికి మద్దిలేటి పోయినేడు ఏయించినవి ఇరవై రెండు బోర్లు. అందులో పదైదింటికి నీళ్లు పడినాయి. ఈ మండలంలో అంత మంచి చెయ్యి ఇంకెవురికీ లేదు, ప్రతాప్‌కు అందులో సగం కూడా లేదు. కానీ కథ చెప్పేటప్పుడు ఆ పదైదు బోర్లూ అడ్డం వస్తాండాయి. అందుకని వాటిని పక్కకు నెట్టేసినాడు.

ఆ మూడొందల పన్నెండుకు రుజువు అడగలేదా అన్నాడు తిప్పేష్, పాలు పొంగకుండా గరిటె తిప్పుతా.

అడగకుండా ఉంటారా. గవర్నమెంటు కదా, అనుభవ పత్రాలు కావాలన్నారు. మద్దిలేటి ఊరికొచ్చి, బోరు పడనందుకు రైతులు తన మీద రాసిన ఫిర్యాదులన్నీ స్టేషన్లో అడిగి తీసుకోని, సంచికెత్తుకోని పోయి టేబులు మీద కుమ్మరించినాడు. ఆఫీసర్లు ఒక్కొక్కటీ చదివి సీలేసినారు. మన యాడికి మండలం తిట్లు ఢిల్లీ ఆయనకు అంత బాగా నచ్చినాయంట, ఒక తిట్టును రెండుసార్లు చదివించుకోని అర్థం అడిగి డైరీలో రాసుకున్నాడంట.

ఆనక పరీక్ష. చందమామ మీద గాలి ఉండదు కాబట్టి ఒక గదిలో గాలంతా పీకేసి, అందులో బండ పెట్టి బోరు ఏయమన్నారు. మిగతా వాళ్లు తెల్ల సూట్లు తొడుక్కోని పోతే, మద్దిలేటి పంచె పైకి కట్టి, ఊపిరి బిగబట్టి లోపలికి పోయినాడు. రెండు గంటలు.

"రెండు గంటలు ఊపిరి బిగబడితివా?" అన్నాడు పుల్లన్న.

"మధ్యలో ఒకసారి బయటికొచ్చి బీడీ తాగినాలే మామా" అన్నాడు మద్దిలేటి, అబద్ధం చెప్పడం ఇష్టం లేనోడి మాదిరి.

కాంట్రాక్టు ఈయనకే వచ్చింది. రాకెట్టు మిషన్ను తీసుకపోయి చందమామ మీద దింపింది. మిషన్ను ఈడ నుంచి నడిపించాల. యాడ కూర్చోని నడిపిస్తావప్పా, బెంగళూర్లో రూము ఇస్తామంటే, నాకు అలవాటైన తావు కావాల అని ఈ బెంచీ మీదనే కూర్చోని ఫోన్లోనే నడిపించినాడు. తిప్పేష్ తలెత్తి, నా కొట్లోనా, నాకు తెలీకుండానా అన్నాడు. నువ్వు ఆ పొద్దు చక్కెరకు తాడిపత్రి పోయింటివి అన్నాడు మద్దిలేటి. నూరడుగులు, ఐదొందలు, వెయ్యి. రాడ్లు అయిపోతే ఇంకో రాకెట్లో పంపించినారు. రెండు వేల అడుగులు దాటినాక చెయ్యి తేలికైపోయింది, చూస్తే బిట్టు అవతలి పక్కకు తేలింది. అంత దుమ్ము లేచింది. ఈ మాపటికి చందమామను చూడండి, కుందేలు చెవి పక్కన కొత్త మచ్చ ఒకటి ఉంటాది, అది ఆ బోరు దుమ్మే. మళ్లీ వానొస్తే గానీ పోదు, ఆడ వాన రాదు.

తిప్పేష్ నవ్వతా పాలు పొయ్యి మీద మరిచిపోయినాడు. మద్దిలేటి మొహం వెలిగిపోతాండాది. చౌడమ్మ మాత్రం గ్లాసు రెండు చేతులా పట్టుకోని వింటాండాది.

పుల్లన్న మీసం తుడుచుకోని, చందమామలో నీళ్లుండాయని, మంచు గడ్డ కట్టి ఉండాదని మొన్న పేపర్లో ఏసినారు గదా, నీ బోర్లో ఏమన్నా తగిలిందా అని అడిగినాడు.

ఆ మాటను మద్దిలేటి మనసులోనే తూకమేసినాడు. తగిలిందంటే మూడొందల పన్నెండు బోర్ల పరువూ పోతాది. ఢిల్లీ ఆయన ఏమనుకుంటాడు. చప్పట్లు ఎందుకు కొట్టినట్లు. ఇంత కష్టపడి కట్టుకున్న పేరును ఎవురు పోగొట్టుకుంటారు.

"ప్రపంచంలో ఉండే పెద్ద పెద్దోళ్లంతా కూడి పాయింటు పెట్టినారు మామా, ఈడ ఖచ్చితంగా నీళ్లుండాయని. నేను బిట్టు దింపినా. దుమ్ము. పక్కన ఇంకోటి ఏసినా. దుమ్ము. నా చెయ్యి పడినాక ఆ చందమామలో కూడా చుక్క లేదు. అట్లాంటి చెయ్యి భూమ్మీద ఇంకెవురికీ లేదు, గవర్నమెంటే రాసిచ్చింది."

చెప్పి, గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగినాడు. ఇంతకంటే పైకి పోయేదానికి చోటు లేదు, దానికే సంతోషంగా ఉండాది.

చౌడమ్మ గ్లాసు కింద పెట్టింది.

"అంత చదువుకున్నోళ్లు పెట్టిన పాయింటులో కూడా నీకు దుమ్మే లేచిందా?"

"అవునక్కా" అన్నాడు మద్దిలేటి, ఛాతీ ఇంకా దించకుండానే.

"మా చేన్లో పాయింటు పెట్టింది టెంకాయతోనప్పా."

అని ఫోను తీసింది. ప్రతాప్‌కు కలిపి, రేపు పొద్దున్నే బండి తీసుకరమ్మని, చేను దారి చెప్పి పెట్టేసింది. అంతా మద్దిలేటి చూస్తా ఉండంగానే.

మద్దిలేటికి అప్పటికి గానీ తాను కూర్చునింది టీ కొట్టులో అని గుర్తు రాలేదు. లేచి ఆయమ్మ ఎదురుగా నిలబడినాడు. పోయినేడు ఏసినవి ఇరవై రెండేననీ, పదైదింటికి నీళ్లు పడినాయనీ చెప్పినాడు. నల్లమ్మ చేన్లో రెండించుల ధారగా నీళ్లు, ఓబుళేసు తోటలో మూడించులు, పోయి అడుగు, ఫోను చెయ్యి, ఇప్పుడే చెయ్యి అని బతిమాలినాడు. ప్రతాప్‌తో ఏయించొద్దు, చెట్లు పోతాయక్కా అన్నాడు. తన తల్లి మీద ఒట్టేసినాడు. ఆ పొద్దు అంత నెమ్మదిగా, అంత వంగి ఆయన మాట్లాడింది అదే. పుల్లన్న అటు తిరిగి రోడ్డు మీద బస్సును చూస్తా ఉండిపోయినాడు.

చౌడమ్మ చెప్పులు తొడుక్కోని, కొంగు సర్దుకుంది.

"ఇంతసేపూ నిజమే చెప్తాంటివి గదప్పా మద్దిలేటీ" అనింది. "ఇప్పుడెందుకు కోతలు కోస్తావు?"