డిఫరెన్సుకు బీగం

"అవ్వా, నా జీపుకు పెద్ద టైర్లు ఏయించినా. వాకిట్లోకి వచ్చి ఒకసారి సూడు."

ఈడ్నుంచే కనపడతాండాయిలేరా, నేనేమన్నా గుడ్డిదాన్నా. టైర్లు బాగుండాయి. ఇరుసు మార్చినావా? లేదూ? మరి డిఫరెన్సు? ఏమిరా అట్ల నోరు తెరుస్తావు. ఎనబై దాటిన ముసిల్దానికి డిఫరెన్సు సంగతి ఎవురు సెప్పినారనా? నా పెండ్లి ఆగిందే ఆడ కదప్పా. కాదు కాదు, మొదులు ఇరుసు కాడ ఆగె, ఆమీట డిఫరెన్సు కాడ ఆగె. కూసో కిట్టప్పా, సెప్తా. ఆ ఫోను పక్కన పెట్టు. రికార్డు సేస్తాండావా? సేసుకో. మీ అమ్మకు మాత్రం ఇనిపించొద్దు. మా అత్త పెండ్లికి ముందే ఇంత పని సేసిందా అంటాది.

అప్పుడు మాది ఆదోనిలో పత్తి యాపారం. అప్పుడంటే, కర్నూలు రాజధాని అయిందని అందురూ సంబరపడతాండిరే, ఆ కాలం. బంగారం ఎంతుండె తెలుసా... వద్దులే, సెప్తే నీకు ఈపొద్దు అన్నం దిగదు. మా నాయన ఎట్లాంటోడంటే, మొలతాడుకు బీగంసెవుల గుత్తి కట్టుకోని తిరుగుతాండె. గోడౌనుకు బీగం, ఇనప్పెట్టెకు బీగం, వంటింటి పక్క సామాన్ల అర్రకు గూడా బీగం. మా యమ్మ పప్పు ఎయ్యాలంటే నాయన అంగట్లోంచి లేచి రావల్ల. సెవి మాత్రం ఎవురి సేతికీ ఇయ్యడు. ఏసేదీ ఆయనే, తీసేదీ ఆయనే.

ఆయప్ప యుద్ధంలో మిగిలిపోయిన మిలిటరీ జీపు ఒకటి కొనె. ఎమ్మిగనూరు పక్క పల్లెలకు పోయి సేన్లోనే పత్తి బేరమాడల్ల, ఇంకొకడు పోకముందే పోవల్ల, దానికి. ఆడంతా నల్లరేగడి. వాన పడితే కాల్లో సెప్పును గూడా ఇడ్చిపెట్టదు, నీకు తెలుసు కదా. జీపేమో పొట్టిది. ఎద్దులబండ్లు పోయిన గాడిలో దిగితే కడుపు నేలకు తగిలి ఆడనే కూసుంటాండె. మా నాయన దాని సుట్టూ తిరిగి తిరిగి సూసి, "ఎద్దులబండి సక్రం మనిషెత్తుంటాది. దీని గాన్లు జొన్నరొట్టె అంతుండాయి. పెద్దవి ఎయ్యి" అనె.

ఎవురితో అనె? మీ తాతతో. అప్పటికింకా తాత కాదులే, నా మేనమామ కొడుకు సుబ్బరాయుడు. వాళ్ళ నాయనకు అంగడి ఉండె గానీ, మీ తాత అంగట్లో కూసున్నది ల్యా. మస్తాన్ సాయిబు అని ఒక మెకానిక్కు ఉండె, ఆయన షెడ్లో పొద్దంతా లారీల కింద పండుకోని ఉంటాడు. ఎప్పుడు సూసినా రెండు కాళ్ళే కనపడతాండె. నేను మొదులు ఇష్టపడింది ఆ కాళ్ళనే అనుకో. మా యమ్మకేమో అన్న కొడుక్కే ఇయ్యల్లని. మా నాయనకేమో మద్దికెరలో ధాన్యం మండీ ఉండే షెట్టి కొడుకు మింద మనసు. "అంగట్లో కూసుంటాడు, బట్ట నలగదు" అంటాడు. నిజమే, ఆ పిలగాడు నన్ను సూసేకి వచ్చినప్పుడు సాప మింద కూసునేకి ముందు మూడుసార్లు దులిపె. నాకు ఆడికే సాలనిపిచ్చె.

ఆఁ, టైర్లు. మీ తాత సెప్పె, "మామా, ఇంత పెద్ద టైర్లు ఏస్తే మన ఇరుసు తాళదు" అని. ఎందుకంటే, గాను పెద్దదయ్యేకొద్దీ దాన్ని తిప్పేకి ఇరుసు అంత ఎక్కువ మెలి తిరగల్ల. తడి సీర పిండుతాం సూడు, అట్ల. మెలిపడి మెలిపడి ఒకపొద్దు పటుక్కుమంటాది. నాకిదంతా ఆపొద్దే తెలుసనుకోవద్దు. పెండ్లయినాక అన్నం తింటా తింటా సెప్తాండె మీ తాత. వేరే మొగుడూ పెండ్లాలు సినిమా సంగతి మాట్లాడుకుంటారు, మేము ఇరుసు సంగతి. మా నాయన ఇంటాడా? "నిన్నెవురడిగిరి, ఏసేది ఏయి" అనె. మిలిటరీ పెద్దబండి టైర్లు తెచ్చి, టైరుకు తగులుకుంటాందని పైన రేకు గూడా కోసి ఎక్కించిరి. మా యమ్మ జీపెక్కాలంటే పీట ఏసల్ల, ఎనకనుంచి నేను తోయల్ల.

మొదులు దేవుని దగ్గరికని మంత్రాలయం బయల్దేరితిమి. నాయన, అమ్మ, నేను. తోలేది మీ తాత. దర్శనం బాగానే ఆయ. ఆమీట మా నాయన ఊరికే ఉండల్ల కదా, మాధవరం పక్క ఏటి ఇసకలోకి పోనీ, సూద్దాం అనె. దిగె. గాన్లు సగానికి పూడిపాయ. "మామా, అందురూ దిగండి, మెల్లిగా లాగుదాం" అని మీ తాత. "పెద్ద టైర్లు ఏసింది దిగేకా? తొక్కు" అని మా నాయన. తొక్కె. పటుక్! ఇంజను మొత్తుకుంటాంది, బండి కదల్దు. ఎనక ఇరుసు రెండు ముక్కలు.

జీపును ఆడనే ఇడ్సి బస్సులో ఇంటికొస్తిమి. ఆదోని వచ్చేదాకా మా నాయన బస్సులో ఉన్నోళ్ళందరికీ సెప్పె, "ఇరుసు ఇరగ్గొట్టినోడికి పిల్లనిస్తామా, మీరే సెప్పండి" అని. కండక్టరు గూడా ఇయ్యొద్దనె. మీ తాత ఇరిగిన ముక్క తొడల మింద పెట్టుకోని దాన్నే సూస్తా కూసునె.

మా యమ్మ ఊరుకుంటాదా? ఆ మర్నాడు నుంచి సారులో ఉప్పు లేదు. అడిగితే, "ఉప్పు అర్రలో ఉంది, అర్ర సెవి మీ నడుముకుంది" అంటాది. నాయన వచ్చి బీగం తీస్తాడు, ఉప్పు తీసుకుంటాది. మళ్ళ ఏస్తాడు. "అయ్యో, ఆవాలు మర్సిపోతి" అంటాది. వారం దినాలు తిప్పిందప్పా ఆయన్ను అంగడికీ అర్రకూ. ఆకరికి నాయన మెత్తబడి ఒక మాట సెప్పె. "వాన పడిన మర్నాడు నన్ను జీపులో ఎమ్మిగనూరు పక్క సేన్లల్లో తిప్పుకోని రానీ. ఇల్లు సేరేదాకా నా కాలు బురదలో పడకుండా తెచ్చినాడా, పిల్ల వానిది. పడిందా, మద్దికెరకు తాంబూలం పంపిస్తా." నా బతుకు మా నాయన కాలి మింద పెట్టిరి.

ఇంక మీ తాత నిద్రపోతే ఒట్టు. జీపును లారీకి కట్టి షెడ్డుకు లాగిచ్చె. బళ్ళారి గుజరీలో, అదే పాత ఇనుము కుప్పల్లో, మిలిటరీ పెద్దబండి ఇరుసు ఎతికి తెచ్చె. నా ముంజేతంత లావు. దాన్ని ఎక్కిచ్చిరి. ఇరుసు సంగతి తీరిపాయ. ఊరిబయట బురదలో పెట్టి సూస్తే ఇంకో రోగం బయటపడె. ఒక గాను బురదలో గిర్రున తిరుగుతాంది, ఇంకోటి గట్టినేల మింద ఉండాది కదా, అది కదలకుండా సూస్తాంది. డిఫరెన్సు అనేది ఎనక రెండు గాన్ల నడాన, ఇరుసులు కలిసేకాడ ఉంటాది. మలుపులో బయటి గాను ఎక్కువ దూరం పోవల్ల, లోపల్ది తక్కువ పోవల్ల, దాని కోసం పెట్టినారు. బురదలో మాత్రం అది ఎవురికి తిరిగేది సులువో వానికే ఊపంతా ఇస్తాది. గట్టినేల మింద ఉన్నదానికి ఏమీ ఇయ్యదు. మస్తాన్ సాయిబు "దీనికి లాక్ సేయల్లప్పా, రెండూ కలిసి తిరిగేటట్ల" అనె. పత్తి జిన్నింగు మిల్లుకు తీసుకపోయి లోపల గేర్ల పండ్లన్నీ వెల్డింగు పెట్టి అతికిచ్చేసిరి. అంతే, ఇంక విప్పేకి రాదు.

మీ తాత వచ్చి మా నాయనతో, "మామా, డిఫరెన్సు లాకు సేసినాం" అనె. మా నాయన మొగం ఎలిగిపాయ. ఆయప్పకు అర్థమయ్యే మాట అదొక్కటే. "లాకంటే బీగమే కదా? మంచిపని. సెవి యాడ?" అని సెయ్యి సాపె.

మీ తాత ఏం సెప్తాడు? బీగం కాదు మామా, మీ జీపు పండ్లన్నీ మళ్ళ ఊడకుండా అతికిచ్చినా అంటే ఆడనే సంపుతాడు. "సాయిబు కాడుంది, తెస్తా" అని మా పెరట్లోకి వచ్చి నిలబడె, సెమటలు కారుస్తా. "ఏం జేద్దాం?" అంటాడు. నేనేం జేస్తి? అటక మింద పాత సామాన్లల్లో ఒక ఇత్తడి బీగం ఉండె, సెవితో సహా. అది తీసి ఇస్తి. మీ తాత పోయి జీపు కింద తీగెతో ఆ బీగాన్ని కట్టి ఏలాడదీసె. మా నాయన వంగి సూసె, సీకట్లో బీగం మాదిరి కనపడె, సాలనుకోని పైకి లేసె, సెవిని గుత్తిలో ఏసుకునె. ఆ సాయంత్రం నుంచి పత్తిమార్కెట్లో ఒకటే మాట, "మా జీపు డిఫరెన్సుకు బీగం ఏయించినా." పెద్ద పెద్ద షెట్లు వచ్చి వంగి సూసిపోయిరి. ఒకాయన, "మా కారుకు గూడా ఏయించల్ల, దొంగల భయం" అనె.

వాన పడె. మర్నాడు బయల్దేరితిమి. మా యమ్మ, "పెండ్లికొడుకు ఎవురైనా పెండ్లికూతురికి సీరలు కావల్ల కదా, ఎమ్మిగనూరులో తీసుకుందాం" అని నన్నూ ఎక్కించె. మా నాయన తెల్లపంచె కట్టుకోని, కొత్త సెప్పులు ఏసుకోని ముందర కూసునె. బాట మింద పోనియ్యడు. ఆ సేన్లోకి తిప్పు, ఈ వంకలోకి దింపు అంటాడు. దిగబడల్లని ఆయప్పకు ఎంత ఆశో. జీపు దిగబడితే కదా! రెండు గాన్లూ కలిసి తొక్కుకుంటా, బురద మా మొగాల మింద సల్లుకుంటా, దున్నపోతు మాదిరి పోతానే ఉంది. రెండు జాములు తిరిగితిమి. మా నాయన మొగం సిన్నబోయె. నాకేమో లోపల లోపల పండగ.

ఎమ్మిగనూరుకు వచ్చి సీరలు తీసుకోని ఎనక్కి తిరిగితిమి. నేసేవాళ్ళ వీది. వాన నిల్చిందని నిలువునా పడుగు పరిచినారు, ఈ సివరనుంచి ఆ సివరకు దారాలు. మేము మలుపు తిరిగి పక్క సందులో పడల్ల. మీ తాత స్టీరింగు తిప్పె. ముందర గాన్లు తిరిగె, జీపు తిరగలేదు. రెండు ఎనక గాన్లూ కలిసి ముందుకే తోస్తాంటే ఎట్ల తిరుగుతాది? నేరుగా పడుగు మిందికి పోతాంది! బ్రేకు మింద నిలబడె మీ తాత. దారాలకు జానెడు దూరంలో నిల్చె. నేసే ఇంటి ముసిలామె ఒకామె, "మా నెల కష్టం రా, మీ జీపు కాలిపోను" అని కొట్టేకి వస్తాంది. ఎనక్కి పోతాడు, ముందుకొస్తాడు, తిప్పుతాడు, మళ్ళ అదే జాగా.

మా నాయనకు కోపం వచ్చె. "ఏమప్పా, తిరగకపోతే బీగం తీయల్ల కదా!" అనె. మీ తాత, "నేను తీస్తా మామా, సెవి ఇటియ్యండి" అనె. "సెవి నీకిస్తానా?" అని, పంచె ఎగ్గట్టి, బెదురు లేకుండా దిగెనప్పా కిందికి. మురికి నీళ్ళ మోరీ పక్క బురద. మోకాలి దాకా దిగిపాయ. కొత్త సెప్పు ఒకటి ఆడనే పాయ.

అయిపాయ, మద్దికెర అనుకుంటి. మా యమ్మ సీరల మూట గట్టిగా పట్టుకునె. మీ తాత స్టీరింగు మింద తల పెట్టుకునె. జీపు దిగబడింది ల్యా, ఏమీ ల్యా, ఒక బీగం తీసేకి దిగినాడు సూడు మా నాయన!

పంచెతో సహా పండుకోని జీపు కిందికి దూరె. సెవి పెట్టి తిప్పిన సప్పుడు ఇనపడె. ఆ ముసిలామె గూడా తిట్టేది ఆపి వంగి సూస్తాంది. కొంచేపటికి కిందనుంచి, "అమ్మాయీ" అనె.

"ఆఁ నాయనా."

"ఇది మన తొలి అంగడి బీగం. నేను పెండ్లి కాకముందు కొన్నది. ఈడకెట్లొచ్చె?"

"నేనే ఇస్తి నాయనా" అంటి. అబద్ధం సెప్పేకి గూడా రాలేదు.

"ఇది దేనికీ ఏసింది లేదే. ఊరికే ఏలాడతాంది."

మీ తాత దిగి ఆ బురదలోనే మోకాళ్ళ మింద కూసుని సెప్పె. "లోపల అతికేసినాం మామా. అది విప్పేకి రాదు. మీకు సెప్పేకి బయపడితిమి. తప్పయిపాయ. మీరు దిగినారు, నేను ఓడిపోయినా. పిల్లను మద్దికెరకే ఇయ్యండి." ఆ మాట ఇని నేను ఏడ్సితి కిట్టప్పా. అందురి ముందర, బజార్లో. సిగ్గనిపించలేదు.

మా నాయన కిందనుంచి బయటికి రాలేదు శానాసేపు. కాళ్ళే కనపడతాండాయి. వచ్చినాక సూస్తే గడ్డం దాకా బురద, సేతిలో ఆ బీగం. మీ తాతను సూసె, నన్ను సూసె. నవ్వుతాడో కొడతాడో తెలీదు.

"బీగం ల్యాకుండానే ఇద్దురూ ఇంత దూరం వచ్చినారు," అనె. "ఇంక నేనెవురికి బీగమేసేది."

అంతే అన్నాడప్పా, మద్దికెరకు తాంబూలం పోనేలేదు. మా యమ్మ సీర కొంగులో మొగం పెట్టుకునె. ఆ నేసేవాళ్ళే పదిమంది జీపు ఎనకపక్క ఎత్తి సందులోకి తిప్పిరి, పడుగు మింద ఒక్క దారం తెగలేదు. మా నాయన ఒంటి సెప్పుతోనే ఇంటిదాకా వచ్చె, దావ పొడుగునా నా సెయ్యి పట్టుకోని... ఆయప్ప సెయ్యి పట్టుకున్నది అదొక్కసారే, తెలుసా... సరేలే. ఏమిరా, కండ్లు తుడుసుకుంటావు, మొగపిలగానివి. పోయి రా నాయనా. నూరేండ్లు సల్లగుండు. నీ బండీ, నువ్వూ, ఎక్కేవాళ్ళూ...